వంగింది బోర్డు కాదు

ఆదివారం అన్నాలు తిన్నాక అల్వాల్‌లో మా ఇంటి వరండాలో క్యారమ్ బోర్డు పడుతుంది. ఆడేది ఇద్దరమే, నేనూ నా దోస్తూ. ఇద్దరం బన్సీలాల్‌పేట్‌లో ఒకే గల్లీలో పుట్టి పెరిగాం. నేను సిటీ బస్సుల డిపోలో కంట్రోలర్‌గా చేశాను, అంటే ఏ బస్సు ఎప్పుడు కదలాలో చెప్పి పంపించే పని. వాడు రైల్వే పార్సిల్ ఆఫీసులో చేశాడు. రిటైరయ్యాక వాడూ అల్వాల్ వచ్చి మా వెనక వీధిలో ఇల్లు కొనుక్కున్నాడు. నా కోసమే వచ్చానంటాడు. ఇక్కడ మంచినీళ్లు బాగా వస్తాయని వచ్చామని వాళ్లావిడ అంటుంది.

మా ఆవిడది రాజమండ్రి దగ్గర. వాళ్ల నాన్న బట్టల వ్యాపారం మీద సికింద్రాబాద్ వచ్చి స్థిరపడ్డాడు. పెళ్లిచూపుల్లో నేను మాట్లాడింది విని, అది తెలుగేనా అని వాళ్లమ్మను అడిగిందట. ఇన్నేళ్ల కాపురంలో నా రాత ఆమె భాషలోకి వెళ్లిపోయింది. నోరు మాత్రం బన్సీలాల్‌పేట్‌లోనే ఉండిపోయింది.

సంగతి ఒక వానాకాలంలో మొదలైంది. నా ఆట చెడింది. పాకెట్ నోట్లో కూర్చున్న కాయిన్‌ను కూడా కొట్టలేకపోతున్నాను. స్ట్రైకర్ కాయిన్ పక్కనుంచి దూసుకుపోయి గట్టుకు కొట్టుకుని నా దగ్గరికే తిరిగొస్తోంది. నా దోస్తు మొదట సంతోషించాడు. తర్వాత అనుమానపడ్డాడు. ఆ తర్వాత వాడికి విసుగొచ్చింది.

"ఏందిరా, ఒట్టిగ గెలుస్తున్న నేను. మజా లేదు," అన్నాడు.

"బోర్డు వంగిందిరా. గీ గీత చూడు, నడుమల ఎట్ల లేచిందో," అన్నాను.

నేను చూపించింది స్ట్రైకర్ పెట్టే జంట గీత. మధ్యలో అది పాములాగా కొంచెం మెలి తిరిగింది. వానలకు చెమ్మ పట్టి ప్లైవుడ్ ఉబ్బింది అని తేల్చేశాను. నా దోస్తు ముందు బోర్డు మీద చెంప ఆనించి ఒక కన్ను మూసి చూశాడు. తర్వాత పక్కన ఇల్లు కడుతున్న మేస్త్రీ దగ్గరికి వెళ్లి, గోడ సమంగా లేచిందో లేదో చూసే రసమట్టం అడిగి తెచ్చాడు. బోర్డు మీద ఆ మూల, ఈ మూల, నడిమధ్య పెట్టి చూశాం. గాజుగొట్టంలో బుడగ కదలకుండా మధ్యలోనే నిలబడింది.

"బోర్డు బరాబరున్నది," అన్నాడు వాడు.

"అయితే మట్టమే ఖరాబైంది," అన్నాను నేను.

రసమట్టం పట్టుకుపోవడానికి వచ్చిన మేస్త్రీ ఆ మాట విన్నాడు. తను కడుతున్న ఇంటికి నేను దిష్టి పెట్టినట్టు నన్ను చూసి వెళ్లిపోయాడు.

ఇక కొత్త బోర్డు కొనాల్సిందే అన్నాను. జనరల్ బజార్ దగ్గర ఆటసామాన్ల దుకాణం ఒకటుంది. అక్కడికి ఇద్దరం వెళ్లాం. దుకాణదారు ఒక బోర్డు తీసి గోడకు ఆనించాడు. వంగింది అన్నాను. ఇంకోటి తీశాడు. అదీ వంగింది. పెద్దది తీశాడు, చిన్నది తీశాడు, పోటీల్లో ఆడేదని చెప్పి పైనుంచి ఒకటి దించాడు. అన్నింటికీ గీత అదే చోట మెలి తిరిగింది.

దుకాణదారు చెమట తుడుచుకుని, "సార్, నా దుకాణంల అన్నీ వంకరనేనా? తలుపుగిన చూడుండ్రి, అది సుత వంకరనేనేమో," అన్నాడు.

అతను వెటకారానికే అన్నాడు. నేను మాత్రం నిజంగానే తలుపు వైపు చూశాను. తలుపు చట్రం నిలువు గీత మధ్యలో లోపలికి నొక్కినట్టుంది. ఆ మాట చెబితే దుకాణదారు నవ్వాడు. నా దోస్తు నవ్వలేదు. దగ్గరికొచ్చి అరచేత్తో నా ఎడమ కన్ను మూశాడు.

"ఇప్పుడు చూడు."

తలుపు నిటారుగా ఉంది. బోర్డులన్నీ నిటారుగా ఉన్నాయి.

చెయ్యి మార్చి కుడి కన్ను మూశాడు. తలుపు వంగింది. బోర్డులు వంగాయి. దుకాణదారు ముఖం మధ్యలో ముక్కు ఉండాల్సిన చోట ఒక మసక మచ్చ ఉంది, చెవులు మాత్రం స్పష్టంగా ఉన్నాయి.

ఇద్దరం ఏమీ కొనకుండా బయటికొచ్చాం. ఆటోలో దారంతా వాడు దుకాణాల బోర్డులు చూపిస్తూ, ఒక్కో కన్నూ మూయించి నాతో చదివించాడు.

కంటి ఆసుపత్రికి మా ఆవిడా వాడూ ఇద్దరూ వచ్చారు. రెటీనా డాక్టరమ్మ చిన్నవయసు పిల్ల, మా అమ్మాయి వయసుంటుంది. కంట్లో చుక్కలు వేయించి, గంటసేపు కూర్చోబెట్టి, గడ్డం ఒక మిషన్ మీద పెట్టించి ఫోటోలు తీయించింది. కంప్యూటర్ తెర మా వైపు తిప్పి చూపించింది.

"అంకుల్, కంటి వెనక తెరలాంటిది ఉంటుంది, అది రెటీనా. దాని నడిమధ్యలో చిన్న గుంట ఉండాలి. సూటిగా చూసే చూపంతా అక్కడిదే. చదవడం, ముఖాలు గుర్తుపట్టడం, దారం సూదిలోకి ఎక్కించడం, అన్నీ దాంతోనే. మీ కుడి కంట్లో చూడండి, గుంట ఉంది. ఎడమ కంట్లో గుంట పోయి గుట్టయ్యింది. లోపలి సన్నని నాళాల నుంచి నీరు కారి చేరింది. అందుకే గీతలు వంకరగా కనబడుతున్నాయి."

మా ఆవిడ తెర వైపు వంగి చూసి, "పూరీలా పొంగిందన్నమాట," అంది.

డాక్టరమ్మకు ఆ మాట నచ్చింది. "కరెక్ట్ ఆంటీ, పూరీయే," అంది. పూరీ అనే పదార్థాన్ని మా ఇంట్లో షుగర్ పేరు చెప్పి బహిష్కరించి చాలా కాలమైంది. చివరికది నా కంట్లో పొంగింది.

కారణం షుగరే. నాకు షుగర్ వచ్చి చాలా ఏళ్లయింది. నొప్పి లేదు, జ్వరం లేదు, పొద్దున ఒక గోళీ, రాత్రి ఒక గోళీ. మర్యాదస్తుడైన కిరాయిదారు లాంటిదని అనుకునేవాణ్ని, ఉన్నట్టే తెలియదని. లోపల గోడలకు చెమ్మ పట్టిస్తోందని ఇప్పుడు తెలిసింది.

"మందు ఉంది అంకుల్. వాపు తగ్గించే ఇంజెక్షన్. మొదట కొన్ని నెలలు నెలకొకటి ఇస్తాం, తర్వాత కన్ను ఎట్లా ఉందో చూసి ఎప్పుడెప్పుడు అవసరమో నిర్ణయిస్తాం."

"చేతికా, నడుముకా?" అడిగాను.

"కంటికి."

"కంటి పక్కకా?"

"కంట్లోకే. తెల్లగుడ్డులోంచి లోపలికి. మత్తు చుక్కలు వేస్తాం, నొప్పి పెద్దగా తెలియదు. రెప్ప మూయకుండా చిన్న క్లిప్పు పెడతాం…"

వెనక ఏదో కింద పడ్డ చప్పుడైంది. తిరిగి చూస్తే నా దోస్తు. పార్సిల్ ఆఫీసులో ఇనుప పెట్టెలు కాలి మీద పడినా కిక్కురుమననివాడు, కుర్చీలోంచి జారి గోడకు ఆనుకున్నాడు. ముఖం పాలిపోయింది. డాక్టరమ్మ లేచొచ్చి నాడి పట్టుకుంది. నర్సు కాళ్లెత్తి స్టూలు మీద పెట్టింది. సూది పడాల్సిన నేను, చుక్కల వల్ల కళ్లు బైర్లు కమ్ముతుంటే తడుముకుంటూ వెళ్లి వాడికి మంచినీళ్లు తెచ్చిచ్చాను.

"పరేషాన్ గాకు," అన్నాడు వాడు కళ్లు తెరిచి, నాతో. "నేనున్న గద."

ఇంజెక్షన్ నేను అనుకున్నంత భయంకరంగా లేదు. ముందు కడగడానికి వేసే గోధుమరంగు మందు మండింది, అదే ఎక్కువ. ముఖం మీద కంటి చోట కన్నం ఉన్న గుడ్డ కప్పారు. "కింద మీ కాళ్ల వైపు చూడండి అంకుల్" అంది డాక్టరమ్మ. కాళ్ల వైపు చూశాను. ఒక ఒత్తిడి, అంతే. తర్వాత కంటి ముందు నల్లటి బుడగలు రెండు ఈదుకుంటూ తిరిగాయి. అవి మర్నాటికి పోయాయి. కన్ను నలపొద్దు, కొన్నాళ్లు తలస్నానం చేసేటప్పుడు నీళ్లు కంట్లో పడనివ్వద్దు అన్నారు. మా ఆవిడ నా తల వెనక్కి వంచి చెంబుతో నీళ్లు పోసేది. చంటిపిల్లాడికి పోస్తున్నట్టు చెవుల వెనక కూడా రుద్దేది. అది డాక్టరు చెప్పలేదు.

మొదటి ఇంజెక్షన్‌కే గుట్ట సగానికి దిగింది. రెండో దానికి ఇంకొంచెం. మేము ముగ్గురం ఆసుపత్రి బయట మిర్చి బజ్జీలు తిని పండగ చేసుకున్నాం. షుగర్ వల్ల నాకు ఒకటే ఇచ్చారు. ఆ తర్వాత స్కాన్‌లో అది మళ్లీ కొంచెం పైకొచ్చింది. మళ్లీ ఇంజెక్షన్. దిగింది. మళ్లీ వచ్చింది. పూర్తిగా మాత్రం ఎప్పుడూ అణగలేదు. ప్రతిసారీ స్కాన్ తెర మా వైపు తిరిగే ముందు మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకునేది. తెర చూశాక, దిగితే వదిలేసేది, దిగకపోతే ఇంకా గట్టిగా పట్టుకునేది. చూపు సరిగా లేని నాకు ఆ మోచెయ్యే రిపోర్టు.

ఈ మధ్యలోనే కాప్రా సంగతి జరిగింది.

ఒకరోజు సికింద్రాబాద్‌లో క్యారమ్ బోర్డు మీద చల్లే బోరిక్ పౌడర్ కొందామని ఒక్కణ్నే బయల్దేరాను. నేనూ వస్తానంది మా ఆవిడ. "బస్సుల గురించి నాకు చెప్తున్నవా?" అన్నాను. నా ఉద్యోగమంతా బస్సులతోనే గడిచింది. చప్పుడు విని ఏ డిపో బండో చెప్పేవాణ్ని. వెళ్లేటప్పుడు ఇబ్బంది లేదు. తిరుగు ప్రయాణంలో ఎండ ఎక్కువగా ఉంది, స్టాపు రద్దీగా ఉంది. వచ్చిన బస్సు బోర్డు మీద నంబరు చూశాను. కుడి కంట్లో అప్పుడే దుమ్ము పడింది, నలుపుకుంటున్నాను. ఎడమ కంటికి నంబరులో మొదటి అంకె కనబడింది, చివరి అంకె కనబడింది, మధ్యది మాయమైంది. మధ్యలో ఏముండాలో నాకు తెలుసు కదా అని నేనే ఒక అంకె పెట్టుకుని ఎక్కేశాను.

కిటికీ పక్కన సీటు దొరికింది, కునుకు పట్టింది. లేచి చూస్తే దారి నాది కాదు. అప్పుడే టికెట్ కొట్టడానికి నా దాకా వచ్చిన కండక్టరమ్మ, "పెద్దాయనా, యాడ దిగాలె? ఈ బస్సు కాప్రా పోతది," అంది.

అల్వాల్ బస్సు అనుకుని కాప్రా బస్సు ఎక్కానని ఒక కండక్టరుకు చెప్పడం, అదీ ఒకప్పటి కంట్రోలర్‌నైన నా వల్ల కాలేదు. "నాకు కాప్రాలనే పనున్నది," అన్నాను. కాప్రాకే టికెట్ తీసుకుని చివరి స్టాపు దాకా వెళ్లి, పనున్నవాడిలాగా గబగబా నడిచి, చెరువు కట్ట మీద కూర్చున్నాను. మొక్కజొన్న పొత్తులు కాల్చేవాడు ఉంటే ఒకటి కొనుక్కున్నాను. ఏం చేయాలో తెలియక దాన్ని మెల్లిగా తిన్నాను.

ఫోను మోగింది.

"ఎక్కడున్నారండీ?"

"కాప్రా చెరువు కాడ."

"అక్కడేం చేస్తున్నారు?"

"చెరువు చూస్తున్న."

"ఏ కంటితో?" అంది.

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ముక్కు చీదాను. ఆమెకు అది వినబడినట్టుంది. "అక్కడే కూర్చోండి. కదలకండి. వస్తున్నాను," అని ఫోను పెట్టేసింది.

రెండు బస్సులు మారి వచ్చింది. చేతిలో గొడుగు, సంచిలో నా మధ్యాహ్నం గోళీ, డబ్బాలో పెరుగన్నం. పక్కన కూర్చుని డబ్బా మూత తీసిచ్చింది. నేను తింటుంటే గొడుగు నా మీదికి వంచి పట్టుకుంది. ఎండ తగ్గి నీళ్ల మీద గాలి లేచింది.

"కుడిది గూడ గిట్లనే అయితే?" అన్నాను. ఇన్ని నెలల్లో ఆ మాట బయటికి రావడం అదే మొదలు.

"అయితే ఏంటో కనుక్కుందాం," అంది. "మీరు ప్రతిసారీ డాక్టరమ్మని ఈసారి ఎంత దిగింది, ఎంత దిగింది అని అడుగుతారు. ముందుముందు ఏమవుతుంది అని ఒక్కసారైనా అడిగారా? నేను అడగబోతే కాలు తొక్కుతారు."

"భయమైతది."

"నాకూ భయమేనండీ. అడిగి భయపడదాం. అడక్కుండా భయపడితే దానికి అంతుండదు."

తిరిగొచ్చేటప్పుడు ప్రతి బస్సు నంబరూ ఆమె పైకి చదివింది, స్టాపులో ఉన్న వాళ్లంతా వినేలాగా. నేను వద్దన్నా ఆపలేదు.

ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్లినప్పుడు నా దోస్తును బయట కుర్చీలో కూర్చోబెట్టి మేమిద్దరమే లోపలికి వెళ్లాం. నేను అడిగాను. "అమ్మా, ఖుల్లా చెప్పు. ఇది తగ్గుతదా, తగ్గదా? నేను గుడ్డోన్నయితనా?"

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"వాపు మొత్తం పోవాలని మనం చూస్తున్నాం. మీ కంట్లో అది కొంచెం మిగిలిపోతోంది. కొంతమందిలో అట్లా జరుగుతుంది. అది మిగిలినంత మాత్రాన చూపు పోయినట్టు కాదు అంకుల్. కొంచెం వాపు ఉండి కూడా బాగానే చూసేవాళ్లున్నారు. అయితే ఎక్కువ వాపు ఎక్కువ కాలం అట్లాగే నిలబడితే లోపల చూపును పట్టే కణాలు దెబ్బతింటాయి. అట్లా పోయినవి తిరిగి రావు. అందుకే నేను మిమ్మల్ని వదలట్లేదు."

"అంటే పాత చూపు రాదు."

"ఎడమ కంటికి పూర్తిగా పాతది వస్తుందని మాట ఇవ్వలేను. కొంచెం వంకర, కొంచెం మసక ఉండిపోవచ్చు. ఈ జబ్బుతో పక్కచూపు మామూలుగా పోదు, మధ్యలోదే ఇబ్బంది. మందు మానేస్తే మాత్రం మెల్లగా దిగజారుతుంది."

మా ఆవిడ నేను తొక్కకుండా కాళ్లు కుర్చీ కిందికి ముడుచుకుని అడిగింది. "వేరే మందు ఉందా అమ్మా?"

"ఉంది ఆంటీ, అదే చెప్దామనుకున్నా. స్టెరాయిడ్ రకం, లోపల కొన్ని నెలలు ఉండి మెల్లగా పనిచేస్తుంది. దాంతో కంట్లో ప్రెషర్ పెరగొచ్చు, శుక్లం తొందరగా రావొచ్చు. ప్రెషర్ తరచుగా చూస్తుంటాం. శుక్లం వస్తే తీసేస్తాం. ఇంక రెండో కన్ను." ఆగి నా వైపు చూసింది. "దాన్ని కాపాడుకోవడం సగం నా చేతుల్లో ఉంది, సగం మీ చేతుల్లో. షుగర్, బీపీ. కిడ్నీ పరీక్షలు కూడా చేయించండి. మధ్యలో వదిలేసి ఏడాది తర్వాత వచ్చేవాళ్లను చూస్తాను. వాళ్లకు చెప్పడానికి నా దగ్గర మంచి మాటలుండవు."

"క్యారమ్ ఆడొచ్చా?"

"ఆడొచ్చు. గెలుస్తారో లేదో నేను చెప్పలేను."

ఆ మాటలు విని నేను బయటికొచ్చి ఏడుస్తానేమో అనుకున్నాను. ఏడవలేదు. వింతగా, ఆకలేసింది. చీకట్లో తడుముకుంటున్నవాడికి గది ఎంత పెద్దదో తెలిసినట్టయింది. గది పెద్దదేం కాదు, నేను ఊహించుకున్నంత చిన్నదీ కాదు. బయట కూర్చున్న నా దోస్తు మా ముఖాలు చూసి లేచి నిలబడ్డాడు. "ఏమన్నదిరా?"

"వదిలిపెట్టనన్నది."

"ఎవర్ని?"

"నన్ను."

మందు మార్చారు. డాక్టరమ్మ ఒక గళ్ల కాగితం కూడా ఇచ్చింది, మధ్యలో చుక్క ఉన్నది. ఒక్కో కన్నూ విడివిడిగా మూసి చుక్క వైపు చూస్తూ గళ్లు వంగాయేమో చూసుకోవాలి. కొత్తగా వంగితే వెంటనే రావాలి. మా ఆవిడ దాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించింది. పెరుగు గిన్నె కోసం వచ్చిన ప్రతిసారీ నేను ముందు ఒక కన్ను మూసి, తర్వాత రెండో కన్ను మూసి ఫ్రిజ్‌కు సైగలు చేస్తున్నట్టు నిలబడేవాణ్ని. పనామె మొదట్లో నాతో మాట్లాడ్డం మానేసింది. విషయం చెప్పాక, తనూ వచ్చి రోజూ చూసుకోవడం మొదలుపెట్టింది.

క్యారమ్ మాత్రం ఆగిపోయింది. ఆడబోతే ఒక కన్ను సరిగ్గా, ఒక కన్ను వంకరగా చెప్పి తల తిరిగేది. ఎడమ కన్ను మూసుకుని ఆడితే కొంచెం నయం, గాని రెప్ప నొప్పిపుట్టేది. ఒక ఆదివారం నా దోస్తు జేబులోంచి రెండు చేతిరుమాళ్లు తీశాడు. ఒకటి నా ఎడమ కంటికి కట్టాడు. రెండోది తన ఎడమ కంటికి కట్టుకున్నాడు.

"నీకెందుకురా?"

"బరాబర్ ఉండాలె గద. నువ్వు ఒక్క కన్నుతోని ఆడి, నేను రెండు కండ్లతోని గెలిస్తే అది గెలుసుడా?"

వాడు స్ట్రైకర్ నా చేతిలో పెట్టి, "కొట్టు," అన్నాడు.

అప్పుడే గేటు దగ్గర పార్సిల్ తెచ్చినతను వరండాలోకి చూశాడు. కళ్లకు గుడ్డలు కట్టుకున్న ఇద్దరు ముసలివాళ్లు పోటీగా బోర్డు మీదికి వంగి ఉన్నారు. అతను పార్సిల్ మెట్ల మీద పెట్టి, సంతకం కూడా అడక్కుండా వెళ్లిపోయాడు.

నాకైతే కొంత అలవాటుంది. నా దోస్తుకు లేదు. వాడు కొట్టిన స్ట్రైకర్ బోర్డు దాటి పూలకుండీలో పడింది. రెండోసారి వాడు కాయిన్ అనుకుని పౌడర్ డబ్బాకు గురిపెట్టాడు. నేను ఈమధ్య ఓడిపోతూనే ఉన్న ఆటగాణ్ని, వాడు నాకంటే హీనంగా ఆడి, ఇద్దరం కలిసి ఎంతకీ ఆట ముగించలేకపోయాం. బట్టలు మడతపెడుతూ చూస్తున్న మా ఆవిడకు ఓపిక పోయింది.

"జరగండి," అంది.

వచ్చి కూర్చుంది. చూపుడువేలితో కాదు, బొటనవేలు మడిచి వదిలింది. మధ్యలో ఉన్న ఎర్ర కాయిన్ తిన్నగా వెళ్లి పాకెట్‌లో పడింది. దాని వెనకే తెల్లది.

"బొటనవేలు చెల్లదు చెల్లె," అన్నాడు నా దోస్తు.

"మా ఊళ్లో చెల్లుద్ది అన్నయ్యగారూ," అంది, ఇంకో కాయిన్ చూసుకుంటూ.

"నీకు క్యారమ్ వస్తదని ఎన్నడు చెప్పలే," అన్నాను.

"మీరిద్దరే ఆడుకుంటారు కదా, ఎప్పుడైనా పిలిచారా? మా పిన్ని వాళ్లింట్లో వేసవంతా ఇదే పని."

ఇప్పుడు ముగ్గురం ఆడతాం. ఎవరూ కళ్లకు గుడ్డలు కట్టుకోరు. ఆమె గెలుస్తుంది. ఇంటి పనులు చక్కబెట్టుకునే తొందరలో ఒక్కోసారి ఆట మాకు వదిలేస్తుంది. నా దోస్తు మాత్రం నిబంధనల పుస్తకం ఎక్కడైనా దొరుకుతుందేమోనని ఇంకా వెతుకుతున్నాడు, బొటనవేలు విషయం తేల్చడానికి.

కొత్త మందుతో ఎడమ కంటి గుట్ట చాలా దిగింది. చదునైపోలేదు. కంట్లో ప్రెషర్ కొంచెం పెరిగితే దానికి చుక్కలిచ్చారు. తర్వాత శుక్లం కూడా వచ్చింది, తీసేశారు. ఆ మర్నాడు మా ఇంటి గోడలు ఇంత తెల్లగా ఎప్పుడయ్యాయని అడిగాను. అవి మాసి ఉన్నాయని నాకు తప్ప అందరికీ తెలుసు. కుడి కంట్లో నీటి జాడ సన్నగా మొదలైందని డాక్టరమ్మ ఒక స్కాన్‌లో ముందే పట్టుకుంది. నాకు ఏ గీతా వంగకముందే మందు వేసింది. అది నిలబడింది. పేపరు చదువుతాను, ఎక్కువగా కుడి కంటితోనే. బస్సు నంబరు పక్కనున్నవాళ్లను అడుగుతాను. అడిగితే చెబుతారు, అందులో అవమానమేమీ లేదని ఇంత ఆలస్యంగా తెలిసింది. కుడి కన్ను మూసుకుని చూస్తే మా ఆవిడ ముఖం మధ్యలో ఇప్పటికీ నీళ్లలో నీడలాగా కదులుతుంది. తల కొంచెం పక్కకు తిప్పి చూస్తే నిలబడుతుంది. అట్లా ఓరచూపు చూస్తుంటే, "ఈ వయసులో ఏంటండీ," అంటుంది.

మొన్న మళ్లీ పరీక్షకు వెళ్లాను. ఒక్కణ్నే. హాలులో నా పక్క కుర్చీలో ఒక పెద్దమ్మ కూర్చుంది. కొడుకు మందుల కౌంటర్ దగ్గర లైనులో ఉన్నాడట. చీర కొంగు వేళ్లకు చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. కాసేపటికి నా వైపు తిరిగింది.

"కంట్ల సూదేస్తరంట గద బిడ్డా. నొస్తదా?"

"సూది నొయ్యదు అమ్మా. ముందుగాల కడుగుతరు, అది జెర మండుతది. కాళ్ల దిక్కు చూడమంటరు. చూస్తుండంగనే అయిపోతది."

"నీకేసిండ్రా?"

"మస్తుసార్లు."

"మరి మంచిగైందా?"

"మొత్తం కాలేదు. అయితే ఇప్పుడు నువ్వు కూసున్నది కనబడుతున్నది, నీ చీరె పచ్చదని కనబడుతున్నది. ఇడువకుండ వస్తున్న, అందుకే."

ఆమె తన చీర వైపు చూసుకుంది. "పచ్చది కాదు బిడ్డా, నీలం," అంది.

"చుక్కలేసిండ్రమ్మా ఇప్పుడే," అన్నాను.

ఆమె నవ్వింది. పళ్లు సగమే ఉన్నాయి. లోపలినుంచి నర్సు ఆమె పేరు పిలిచింది. కొడుకు ఇంకా లైనులోనే ఉన్నాడు. ఆమె లేచి, ఒళ్లో ఉన్న గుడ్డసంచి నా చేతికిచ్చి, "జెర పట్టుకో, వస్త," అని నర్సు చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్లింది. సంచి బరువుగా ఉంది, లోపలినుంచి చింతచిగురు వాసన వస్తోంది. దాన్ని ఒళ్లో పెట్టుకుని, ఆమె తిరిగొచ్చేదాకా కూర్చున్నాను.